పెద్దాడి కొలత

అబద్ధం నాది, అడుగులు మా ఆయనవి. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆ చలికాలం మాట వచ్చినప్పుడల్లా తప్పంతా ఆయన తన నెత్తిన వేసుకుంటాడు, నేను నా నెత్తిన వేసుకుంటాను. చూసేవాళ్ళకి ఇద్దరం పోటీలు పడుతున్నట్టు ఉంటుంది.

మాది బూట్లు కుట్టే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన వాలుకప్పు కింద తోళ్ళూ, కాలి ఆకారంలో చెక్కిన అచ్చులూ దాచుకునే అటక గది. మా ఆయన కొలతలు తీసి, తోలు కోసి, అడుగులు బిగిస్తాడు. నేను మిషను మీద పైతోళ్ళు కుడతాను. ఆయనకి ఒక అలవాటుంది. కొత్త జత ఇచ్చేటప్పుడు పాత జత అడిగి పుచ్చుకుంటాడు. దాన్లో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపలి అట్ట మీద కాలివేళ్ళు పడిన గుంటల్ని తడుముతాడు. తడిమి, "ఈయనకి నడుంనొప్పి," అనో, "ఈవిడ పొద్దస్తమానం నిలబడే పని చేస్తుంది," అనో చెప్తాడు. అడుగు చూస్తే నడక తెలుస్తుందట, లోపల తడిమితే మనిషి తెలుస్తాడట. జోస్యం చెప్పేవాడిలా ఆ వాలకం చూసి నేను ఆటపట్టించేదాన్ని. మా పిల్ల మాత్రం నడక వచ్చినప్పటినుంచీ ఆయన పక్కనే కూర్చుని, దొరికిన ప్రతి బూటులోనూ చెయ్యి దూర్చి కళ్ళు మూసుకునేది.

ఆ పిల్లని మేం పిచ్చుక అని పిలిచేవాళ్ళం. దానికన్నా మూడేళ్ళు పెద్ద మా పెద్దాడు. వాడు ఆరేళ్ళప్పుడు, చలి మొదలైన కొత్తలో, జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు.

మా ఊళ్ళో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఏడాది చివరి రోజున మూటల తాత వస్తాడు. అంటే, వస్తాడని పిల్లలకి చెప్తాం. సాయంత్రం దీపాలు చూపించడానికి పిల్లల్ని మైదానానికి తీసుకెళ్తాం. తిరిగొచ్చేసరికి గుమ్మం లోపల ఒక మూట ఉంటుంది. మంచి పిల్లలకే ఇస్తాడు, చెడ్డ పిల్లల ఇంటివైపు చూడడు. మా ఆయనకి ఈ తతంగం మొదటినుంచీ గిట్టదు. "లేనివాణ్ణి ఉన్నాడని చెప్పడం ఎందుకు? మూట మనమే ఇచ్చామని చెప్తే పుచ్చుకోరా?" అనేవాడు. "ఊరంతా చెప్పేదే కదండీ, మన పిల్లలే మొహం వాచిపోవాలా?" అని నేను నోరు మూయించేదాన్ని.

పెద్దాడు పోయిన నెలకి ఆ రోజు వచ్చింది. మూడేళ్ళ పిచ్చుక తన మూట విప్పుకుంటూ తలెత్తి, "అన్నయ్య మూట ఏది? అన్నయ్య ఏడి?" అంది. నెల్లాళ్ళుగా రోజుకి పదిసార్లు అడుగుతున్న ప్రశ్నే. ఊరెళ్ళాడన్నాం, వస్తాడన్నాం, పడుకోమన్నాం. ఆ పూట నా దగ్గర ఇంకేం మిగల్లేదు.

"అన్నయ్యని మూటల తాత తీసుకెళ్ళాడమ్మా," అన్నాను. "చాలా మంచివాడు కదా, చెప్పిన పని చేస్తాడు కదా. బొమ్మలు చేయడానికి సాయం కావాలని తీసుకెళ్ళాడు."

నోరు జారిన మాట కాదది, చూస్తూ చూస్తూ అన్న మాట. పిల్ల కాసేపు ఆలోచించి నవ్వింది. నెల్లాళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఒకళ్ళు నవ్వడం అదే మొదలు. నేను ఆ నవ్వు చూసి మురిసిపోయాను.

మా ఆయన పక్కగదిలోకి పిలిచాడు. "చచ్చిపోయిన పిల్లాణ్ణి పనిలో పెట్టావటే?" అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు పిల్ల మైదానానికి రానంది. అన్నయ్య తాతతో కలిసి వస్తాడు కదా, చూస్తానంది. బలవంతంగా చంకనేసుకుని తీసుకెళ్ళాను, దారంతా ఏడ్చింది. తిరిగొచ్చేసరికి గుమ్మం లోపల మూట ఉంది. మూట పక్కన, తోలుకి వాడే సుద్దపొడి నేలంతా చల్లి ఉంది. దాని మీద పెద్ద బూట్ల అడుగులు, వాటి వెంట చిన్న బూట్ల అడుగులు. చిన్న అడుగుల్లో ఎడమది బయటి అంచు మీద బరువు పడి, లోపలివైపు మసకగా ఉంది. పెద్దాడు ఎడమ కాలు అలాగే వేసేవాడు, అంచు మీద, కొంచెం ఈడుస్తూ.

అది నేను చేసిన పని కాదు. మా ఆయనవైపు చూశాను. తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పిల్ల నేలకి ముక్కు ఆనించి ఆ అడుగుల్ని చూసింది. ఆ మరుసటి ఏడు జానతో కొలిచి, "అన్నయ్య పెరగలేదా?" అంది. అడిగి ఊరుకుంది, కానీ ఆ తర్వాతి ఏడు అడుగులు ఒకేసారి రెండేళ్ళు పెరిగాయి. నేనూ ఏమీ అడగలేదు. ఆయన పైన అటక గదిలో ఏం కుడుతున్నాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఇదంతా ముందు జరిగింది. నేను చెప్పాలనుకున్నది పిచ్చుకకి ఏడేళ్ళు నిండిన చలికాలం.

చలి మొదలయ్యేసరికి మా పిల్లకి దయ్యం పట్టేది. మిగతా ఏడాదంతా నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల, ఆ నెల్లాళ్ళూ ఇల్లు పీకి పందిరి వేసేది. జిగురు డబ్బాలో బూటు మేకులు పోసేది. కోసిన పైతోలు కత్తిరించేది. అడిగితే నేనే చేశానని ముందుకొచ్చి చెప్పేది. నేను అందరమ్మల్లాగే అరిచేదాన్ని. "ఇలాగే ఉంటే మూటల తాత నీకోసం రాడు, చూసుకో."

"రాడా? నిజంగా రాడా?" అనేది, మొహం వెలిగిపోతూ. సిగ్గులేని పిల్ల అనుకునేదాన్ని.

ఆ ఏడు బడినుంచి కబురొచ్చింది. వెళ్ళాను. టీచరమ్మ చిన్న మనిషి, చిన్న బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి తానూ కూర్చుంది.

"పక్కపిల్ల పుస్తకం మీద సిరా పోసింది మీ అమ్మాయి. అది సరే, పిల్లలు చేస్తారు. ఇంటికి చీటీ రాస్తానంటే పిల్లలు వద్దని ఏడుస్తారమ్మా. మీ పిల్ల రాయమని ఏడుస్తోంది. ఇది ఆరోది. పెద్ద పెద్ద అక్షరాలతో రాయాలట, వీధిలోనుంచి కనబడాలట."

"నాకు ఒక్క చీటీ కూడా ఇవ్వలేదండీ. ఎవరికి కనబడాలిట?"

"మూటల తాతకట," అంది టీచరమ్మ. మెల్లగా చెప్పింది. "తాత మంచి పిల్లల్ని ఎంచుకుని పనికి తీసుకెళ్ళిపోతాడట. వాళ్ళ అన్నయ్యని అలాగే తీసుకెళ్ళాడట. తాను చెడ్డదని ఆయనకి ముందే తెలిసేలా చేస్తోంది. మీకు ఇంకో బాబు ఉన్నాడని నాకు తెలియదు. ఎక్కడున్నాడమ్మా?"

"పోయాడు," అన్నాను. నాలుగేళ్ళలో ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి.

"నేను ఏ పిల్లకీ తాత ఉన్నాడని చెప్పను, లేడనీ చెప్పను," అంది టీచరమ్మ. "ఇంట్లోవాళ్ళు చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళే చెప్పాలి. కానీ ఈ పిల్ల మధ్యాహ్నం నిద్రలో ఉలిక్కిపడి లేస్తోందమ్మా. ఈ నెల దాటేదాకా ఆగకండి."

దారిలో పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. వెనకటి చలికాలాలు అది ఎలా గడిపిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. అందరి పిల్లలూ తాతని రమ్మని కోరుకుంటుంటే, నా పిల్ల ఒక్కతీ ఆయన రాకూడదని పాట్లు పడింది. నేను పక్కన నిలబడి, రాడు పో అని బెదిరించాను.

"మూటల తాత నిన్ను తీసుకెళ్ళడమ్మా," అన్నాను. "నేను తీసుకెళ్ళనివ్వను."

పిచ్చుక తలెత్తి నన్ను చూసింది. "మరి అన్నయ్యని ఎందుకు తీసుకెళ్ళనిచ్చావు?"

ఇంటికి చేరగానే వీధిలో నిలబడి పైకి చూశాను. మా కిటికీ అద్దం మీద లోపలివైపునుంచి ఆరు చీటీలు వరసగా అంటించి ఉన్నాయి, అక్షరాలు వీధివైపు. ఏవో బొమ్మలేసి అంటించుకుంది కదా అని అంతకుముందు నేను పట్టించుకోలేదు. పైకి వెళ్ళి ఊడబెరకబోయాను. మా కొట్లో జిగురు, గోళ్ళు విరిగాయి గానీ ఒక్కటీ రాలేదు.

ఆ సాయంత్రం కొట్టు సర్దుతుండగా మా ఆయనకి అంతా చెప్పాను. పిల్ల పైన ఉంది.

"చెప్పేద్దామండీ," అన్నాను.

"ఏమని?"

"తాత లేడని."

"తాత లేడంటే అన్నయ్య ఏడి అంటుంది."

"అన్నయ్య కూడా లేడని చెప్దాం. ఎప్పటికైనా చెప్పాల్సిందే కదా."

ఆయన మైనం పూసిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. అబద్ధం వద్దని నాతో పోట్లాడిన మనిషి ఆయనే. ఇప్పుడు నేను నిజం చెప్దామంటే ఆయన మొహం పాలిపోయింది.

"ఈ ఒక్క ఏడూ," అన్నాడు. "ఈ ఒక్కసారి అయ్యాక చెప్దాం. వాడికి పదేళ్ళు నిండుతున్నాయే."

నిండుతున్నాయి అన్నాడు. నేను గట్టిగా కోప్పడి ఉండాల్సింది. పిల్ల పైన భయంతో వణుకుతోందని గుర్తుచేసి ఉండాల్సింది. దానికి బదులు నా నోట ఏం వచ్చిందో తెలుసా? "ఈపాటికి పాదం ఎంత వచ్చి ఉంటుందంటారు?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అంగుళాలు చెప్పాడు. పొడుగు, వెడల్పు, మడమ దగ్గర చుట్టుకొలత కూడా చెప్పాడు. నేను మిషను పక్కన నిలబడి ఆశగా విన్నాను. ఆ సాయంత్రం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జుగుప్స.

ఒక్కసారే కదా, ఇరవై రోజులే కదా అనుకున్నాం. మేం ఇలా మింగలేక కక్కలేక ఉండగా పిచ్చుక తన దారి తాను చూసుకుంది. రెండు రోజుల తర్వాత కొట్లోకి వచ్చి, "నాన్నా, అన్నయ్యకి బూట్లు కుట్టాలి. నేను కుడతాను, నువ్వు నేర్పు," అంది.

"ఎందుకమ్మా?"

"పోయినేడు అన్నయ్య ఎడమ అడుగులో మధ్యలో గుండ్రంగా పొడి అణగలేదు. అడుగు చిల్లు పడింది. తాత కొత్తవి కొనివ్వడం లేదు. బాగా తిప్పుతున్నట్టున్నాడు."

మా ఆయన నావైపు చూశాడు. అరిగినట్టు ఉండాలని ఆకురాయితో రుద్ది రుద్ది కిందటేడు ఆయనే పెట్టిన చిల్లు అది. పనిమీద అంత శ్రద్ధ ఉన్నవాడు కాకపోతే పిల్లకి ఈ ఆలోచన వచ్చేదే కాదు.

అలా కుట్టడం మొదలైంది. ఎదురువీధి గడియారాలాయన కొడుకుకి పదేళ్ళు, వాడి అచ్చు మా దగ్గర ఉంది. దాని మీద కుట్టారు. కుట్టారంటే, చేసిందంతా మా ఆయన, పేరు పిచ్చుకది. అది దారానికి మైనం పూసేది, ఆరె పట్టుకుని రెండు చేతులూ బరువేసి తోలుకి తూట్లు పొడిచేది. లేసుల కింద ఉండే నాలుక ముక్క మీద వంకర టింకరగా కొన్ని కుట్లు మాత్రం అచ్చంగా దానివే. బడినుంచి రాగానే స్టూలెక్కి కూర్చునేది. కూర్చుని మంచి పిల్లలా పనిచేస్తున్నానని గుర్తొచ్చి, మధ్యమధ్యలో లేచి ఏదో ఒకటి కింద పడేసి వచ్చేది. మాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

చివరి వారం ఆ బూట్లకి ఒక ఉత్తరం జత చేసింది. నాచేత తప్పులు దిద్దించింది. "మూటల తాతా, ఈ బూట్లు మా అన్నయ్యకి తొడుగు. పాతవి ఇక్కడ వదిలేసి వెళ్ళమను, మా నాన్నకి చూపించాలి. నేను ఈ ఏడు చాలా చెడ్డగా ఉన్నాను. చీటీలు కిటికీకి ఉన్నాయి, చూసుకో. నాకు మూట వద్దు."

పాతవి వదిలేయమనడం మా కొట్టు పద్ధతి. దాన్ని కాదనడానికి మాకు కారణం దొరకలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం. పిల్ల బడికి వెళ్ళింది. నేను కింద మిషను మీద ఉన్నాను. దారం తెగి, మిషను ఆపి, సూదిలోకి ఎక్కిస్తున్నాను. పైన చెక్క నేల మీద నడక వినబడింది. టక్కు, ఆ వెంట నేలకి రాసుకున్న చప్పుడు. టక్కు, మళ్ళీ రాపిడి. కుడి కాలు తిన్నగా, ఎడమ కాలు అంచు మీద ఈడుస్తూ. గోడదాకా వెళ్ళి, ఆగి, తిరిగి వచ్చింది.

నాలుగేళ్ళ తర్వాత నా కొడుకు నా నెత్తిన నడుస్తున్నాడు. నిజం చెప్తున్నాను, భయపడలేదు, ఆశపడ్డాను. సూది వదిలేసి, చప్పుడు చేయకుండా మెట్లెక్కాను. చప్పుడు చేస్తే ఆగిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టాను. అటక గది తలుపు ఓరగా ఉంది.

మా ఆయన మోకాళ్ళ మీద ఉన్నాడు. కిందటేటి బూట్లలో రెండు చేతులూ పెట్టుకుని, ఇసక చల్లిన పలక మీద వాటిని నడిపిస్తున్నాడు. ఆకురాయితో రుద్దితే అది అరుగుదలలా ఉండదు, నడిస్తేనే అరుగుదల. ఏడాది నడక వారంలో నడవాలి కాబట్టి రోజూ మధ్యాహ్నం వచ్చి నడుస్తున్నాడు. ఎడమ చెయ్యి ఎక్కడ ఒరగాలో అక్కడ ఒరుగుతోంది. అచ్చం వాడే. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

లోపలికి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని ఆపాలని ఉంది. ఆగిపోతే మళ్ళీ వినబడదని కూడా ఉంది. మెల్లగా దిగి వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాను, అయిపోయేదాకా విన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆ వేళకి మిషను ఆపేసి ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆ మర్నాడూ అంతే. ఆ వారం రోజులూ మా కొట్లో కుట్టాల్సిన పైతోళ్ళు కుట్టకుండా పేరుకుపోయాయి.

ఏడాది చివరి రోజు వచ్చింది. గుమ్మం లోపల సుద్దపొడి పిచ్చుకే చల్లింది, చేటతో ఎగరేసి, ఎక్కడా ఖాళీ లేకుండా. కొత్త బూట్లు మధ్యలో పెట్టింది, ఉత్తరం ఎడమ బూటులో దోపింది. మా ఆయన ఎవరిదో జత అందించి వస్తానని ఇంటి దగ్గరే ఉండిపోయాడు. నేనూ పిల్లా మైదానానికి వెళ్ళాం. దీపాల వైపు అది ఒక్కసారి కూడా చూడలేదు. నా చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని, జనంలో పొడుగాటి ముసలాయన ఎవరు కనబడ్డా నా వెనక్కి నక్కింది.

తిరిగొచ్చాం. తలుపు తీసింది మా ఆయనే. తానూ అప్పుడే వచ్చినట్టు కండువా ఇంకా మెడలోనే ఉంది.

మూట లేదు, పిల్ల అడిగినట్టే. కొత్త బూట్లూ లేవు. లోపలికి వచ్చిన చిన్న అడుగుల్లో ఎడమదానికి చిల్లు ఉంది. బయటికి వెళ్ళిన చిన్న అడుగులు శుభ్రంగా, కొత్త అడుగులు. మా ఆయన పనితనం అలాంటిది. మధ్యలో పాత జత ఉంది, మడమలు వాలిపోయి, కొన ఎగలేచి, ఎడమది బయటి అంచు అరిగి.

పిచ్చుక అంచులెంట చూసుకుంటూ నడిచింది. "వచ్చాడు," అంది గాలి పీల్చుకుంటూ. "తొడుక్కున్నాడు. నన్ను పిలవలేదు." దాని భుజాలు కిందికి జారాయి. ఎన్ని రోజుల భయమో, ఒక్కసారి దిగింది. నేను కూడా అంత తేలిగ్గా గండం గడిచిందనుకున్నాను.

అది కింద కూర్చుని ఎడమ బూటు ఒళ్ళో పెట్టుకుంది. అడుగు తిప్పి చూసింది, అంచు తడిమింది. తర్వాత వాళ్ళ నాన్నలాగే చెయ్యి లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుంది.

చాలాసేపు అలా ఉండిపోయింది. ఆ చెయ్యి తీసి, కుడి బూటు తీసుకుని, అందులోనూ పెట్టింది. మా ఆయన కండువా కొస నలుపుతున్నాడు.

"నాన్నా," అంది కళ్ళు తెరవకుండానే, "ఇందులో కాలు లేదు."

కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది.

"బయట అన్నయ్యే. లోపల వేళ్ళు లేవు. ఎవరూ తొడుక్కోలేదు దీన్ని."

నా దగ్గర సమాధానం ఉంది. నాలుగేళ్ళ అనుభవం కదా, నాలుక చివరికి దానంతటదే వచ్చింది. తాత లోపల కొత్త అట్ట వేయించాడేమోనమ్మా అంటే చాలు. పిల్ల నమ్మేది. ఇంకో ఏడు గడిచేది. మా ఆయన తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. ఆయన నోట్లోనూ అదే మాట ఉందని తెలిసిపోయింది.

"లోపల ఎందుకు చేయలేదండీ?" అన్నాను. పిల్ల ముందే, పైకే అడిగాను. "వేడి రాయితో ఐదు వేళ్ళూ నొక్కితే అరగంట పని కదా మీకు."

"నొక్కుదామనే కూర్చున్నాను," అన్నాడు. "చెయ్యి ఆడలేదు. వాడి వేళ్ళు అవి."

నేను సుద్దపొడిలోనే పిల్ల ఎదురుగా కూర్చున్నాను.

"మూటల తాత లేడమ్మా," అన్నాను. "ఎప్పుడూ లేడు. మూటలు మేం పెట్టాం. అడుగులు నాన్న వేశాడు. అన్నయ్యకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మూడో రోజు చచ్చిపోయాడు. నీకు చెప్పలేక, తాత తీసుకెళ్ళాడని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నాది."

పిచ్చుక బూటులోనుంచి చెయ్యి తీయలేదు. "అయితే నన్ను ఎవరూ తీసుకెళ్ళరా?"

"ఎవరూ తీసుకెళ్ళరు."

"మంచిగా ఉన్నా?"

"మంచిగా ఉన్నా తీసుకెళ్ళరమ్మా."

అది తల ఊపింది. ఏడుస్తుందని చూశాను, ఏడవలేదు. లెక్కేదో కుదరనట్టు నేలమీది అడుగుల్నే చూస్తోంది.

"అన్నయ్యకి ఇప్పుడెన్నేళ్ళు?" అంది.

"పది," అన్నాడు మా ఆయన.

"ఆరు," అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి. ఆయన నావైపు తిరిగాడు. నాలుగేళ్ళలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు, నేనే వాణ్ణి ఆ క్షణాన చంపినట్టు చూశాడు. నేను మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన మెట్లెక్కి అటక గదిలోకి వెళ్ళాడు. తలుపు వేసుకుంటాడేమోనని భయపడ్డాను. వేసుకోలేదు. ఏదో గుడ్డలో చుట్టుకుని దిగి వచ్చాడు.

విప్పితే ఒక చెక్క అచ్చు, ఎడమ కాలిది. నేను దాన్ని అంతకుముందు చూడలేదు. పిల్లల కాళ్ళు పెరుగుతున్నప్పుడు ప్రతిసారీ కొత్త అచ్చు చెక్కం, పాతదాని మీదే పల్చటి తోలుముక్కలు అంటించి పెద్దది చేస్తాం. ఇదీ అలాగే ఉంది, తోలు మీద తోలు, నున్నగా చెక్కి. అన్నిటికన్నా పైది కొత్తది, ఆ చలికాలంలో అంటించింది. ఇంకా పసుపు వన్నె పోలేదు.

ఆయన మా మధ్య కూర్చుని, చెక్కుడు కత్తి మొన దాని అంచుకింద పెట్టాడు. మా జిగురు అంత తేలిగ్గా ఊడదు. లాగితే చిరుగుతున్న గుడ్డలా చప్పుడు చేస్తూ వచ్చింది. "పది," అన్నాడు, పిల్ల ముందు పెట్టాడు. కింద ఇంకోటి. "తొమ్మిది." దాన్నీ ఊడదీశాడు. ఆ కింద ఇంకోటి. "ఎనిమిది" అనకుండానే కత్తి ఆపేశాడు. పిచ్చుకే చెయ్యి వేసి అంచు పట్టుకుంది, ఇద్దరూ కలిసి లాగారు.

ఒట్టి చెక్క బయటపడింది. వాడికి ఆరేళ్ళప్పుడు చెక్కించిన కొలత, చిటికెన వేలి దగ్గర చిన్న బుడిపెతో సహా.

పిచ్చుక తన ఎడమ కాలి మేజోడు విప్పింది. సుద్దపొడిలో కాలు చాపి, దాని పక్కన ఆ చెక్కని నిలబెట్టి, మడమలు సరిగ్గా కలిపింది. దాని పాదం వేలెడంత ముందుకు వచ్చింది. వేళ్ళు ముడిచి మళ్ళీ చాపింది. మళ్ళీ అంతే.

"నాకన్నా చిన్నవాడు," అంది.

మా ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

అది చెక్కని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు మొదలైంది ఏడుపు, ముందు చప్పుడు లేకుండా, తర్వాత ఆపుకోలేకుండా. నేను దగ్గరికి లాక్కోబోతే రాలేదు. వాళ్ళ నాన్న మోకాలి మీద చెయ్యి వేసింది.

"సూదులేస్తే వాడు ఏడ్చాడా, నాన్నా?" అని అడిగింది. "ఎవరు పట్టుకున్నారు వాణ్ణి?"

ఆ మూడు రోజుల గురించి ఆయన నాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. నేను అడగనూ లేదు. కండువాతో మొహం తుడుచుకుని, మొదటి రోజు పొద్దున్న వాడు నీళ్ళు కావాలని లేచిన దగ్గరనుంచి చెప్పడం మొదలుపెట్టాడు.